తక్కువ ఖర్చులో ఫోక్ సాంగ్ తీయాలంటే
ముందు పాట ఫైనల్ మిక్స్ (గొంతు, వాయిద్యాలు అన్నీ కలిపి పూర్తి చేసిన ఆడియో) చేతికి రానీయండి, ఆ తర్వాతే కెమెరా మాట. షూట్ అయ్యాక టెంపో మారిస్తే ఎడిటింగ్‌లో ఎన్ని తిప్పలు పడ్డా పెదాలు పాటతో కలవవు. వరంగల్ కోటలో కాకతీయ తోరణాల ముందు తీయాలని అందరికీ ఉంటుంది కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, షూటింగ్‌కి ముందే పర్మిషన్ పెట్టుకోవాలి, అంత ఓపిక లేకపోతే ఊరి చెరువు కట్టో పత్తి చేనో చాలు, నిజానికి నాకు అవే నచ్చుతాయి.

స్లో మోషన్‌లో పాడుతున్నట్టు కావాలంటే సెకనుకు 50 ఫ్రేముల్లో తీస్తూ, స్పీకర్‌లో పాటను రెట్టింపు వేగంతో పెట్టండి. ఆర్టిస్ట్ ఆ స్పీడ్‌కే పెదాలు కదపాలి (చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి). ఎడిటింగ్‌లో 25కి దించితే నడక మెల్లగా ఉంటుంది, పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. ట్యూబ్‌లైట్ కింద అయితే కెమెరా షట్టర్ స్పీడ్ 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు మినుకుమనదు.

డ్రోన్ షాట్లు ఒకటి రెండు చాలు. సినిమాల్లో కూడా ఈమధ్య పై నుంచి ఊరు చూపిస్తే కథ చెప్పేసినట్టే అనుకుంటున్నారు. దానికంటే డప్పును గడ్డిమంట మీద కాపేటప్పుడు ఆ చేతుల దగ్గరికి కెమెరా తీసుకెళ్లండి, తోలు బిగుసుకున్నదో లేదో వేలితో కొట్టి చూస్తారు కదా, ఆ షాట్ వదలొద్దు.