నడకను లెక్కపెట్టే బిళ్ల – 4వ పాఠం: నిద్రపుచ్చడం

పోయిన పాఠంలో కదలికలు పట్టే ఏడీఎక్స్‌ఎల్362 సెన్సార్‌ను ఎన్‌ఆర్‌ఎఫ్52832 బ్లూటూత్ చిప్‌కు కలిపాం. రేడియోను ఆపకుండా వదిలేసి ఉంటే ఈపాటికి మీ బ్యాటరీ అయిపోయే ఉంటుంది.

లెక్క చూడండి. సీఆర్2032 బిళ్ల బ్యాటరీలో ఉండేది సుమారు 225 మిల్లీయాంపియర్ అవర్లు. రేడియో మాట్లాడుతున్నంతసేపూ 5.3 మిల్లీయాంపియర్లు లాగుతుంది. అంటే కాగితం మీద 42 గంటలు, నిజానికి అంత కూడా రాదు. అదే చిప్ నిద్రలో, గడియారం మాత్రం నడుస్తుంటే, 1.9 మైక్రోయాంపియర్లతో సరిపెట్టుకుంటుంది. సెన్సార్ కాపలా (వేకప్) మోడ్‌లో 0.27 మైక్రోయాంపియర్లతోనే బతుకుతుంది. కాబట్టి మన పనంతా రేడియో నోరు మూయించడమే. ప్రతి కదలికా పంపొద్దు, నిమిషానికోసారి అడుగుల సంఖ్య పంపితే చాలు.

కాపలా మోడ్‌లో సెన్సార్ సెకనుకు ఆరుసార్లు తొంగిచూస్తుంది. కదలిక మనం పెట్టిన హద్దు దాటితే ఇంటరప్ట్ పిన్‌తో చిప్‌ను లేపుతుంది. ±2జీ రేంజ్‌లో (1జీ అంటే భూమ్యాకర్షణ అంత) హద్దు రిజిస్టర్‌లో, అంటే సెన్సార్ ఆ విలువ దాచుకునే గడిలో, 250 రాస్తే 0.25జీ అన్నమాట. రిఫరెన్స్‌డ్ మోడ్, అంటే మొదట ఉన్న స్థితితో పోల్చి తేడానే చూసే పద్ధతి, పెట్టడం మరవొద్దు. లేదంటే ఊరికే పడి ఉన్నా భూమ్యాకర్షణ 1జీ ఉంటుంది కదా, దాన్నే కదలిక అనుకుంటుంది. మళ్లీ పడుకోవడానికి లూప్ మోడ్ (కదలికనూ నిశ్చలాన్నీ సెన్సారే ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవడం), ఆటోస్లీప్ (కదలిక లేకపోతే తనే కాపలా మోడ్‌లోకి వెళ్లడం) ఆన్ చేసి, నిశ్చల సమయం 125 ఇవ్వండి. సెకనుకు 12.5 రీడింగుల చొప్పున అది 10 సెకన్లు.

ఇంత చేసినా నేను బోల్తా పడ్డాను. మెట్‌పల్లిలో మా అమ్మమ్మ చేతికి కట్టాను. మధ్యాహ్నానికే వేల అడుగులు చూపించింది. ఫోన్ చేస్తే, "యాడికి వోయిన బిడ్డా, పొద్దట్నుంచి చాట ముంగటనే కూసున్న" అంది. బీడీలు చేస్తోంది! తునికాకు తీసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేదాకా మణికట్టు ఒక్క క్షణం ఆగదు. చిప్‌కు కునుకే లేదు. హద్దు పెంచి చూశాను, అప్పుడు ఆమె మెల్లని నడక కూడా పోయింది. చివరికి బిళ్లను చేతి నుంచి తీసి చీలమండ పైన కట్టాను. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, లెక్క దారికొచ్చింది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. బిళ్ల కాలికి కట్టుకుని హనుమకొండ నుంచి కాజీపేట దాకా బస్సులో కూర్చునే వెళ్లి, ఎన్ని అడుగులు పడ్డాయో రాసుకోండి. ఆ దొంగ అడుగుల్ని ఏరేయడం 5వ పాఠంలో.