టిక్కు పెట్టే ముందు మనిషి గడప దాటిందో లేదో చూడండి

పోయిన వారం రాత్రి వానకు కర్నూలులో మా వీధి చివర ఒక మట్టి మిద్దె కూలింది. లోపల పడుకున్న అవ్వకు తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. మా వలంటీర్ల నోటుబుక్కులో మాత్రం ఆమె పేరుకెదురుగా సాయంత్రం 6 గంటలకే టిక్కు పడింది. పిల్లోడు అబద్ధం రాయలేదు. వెళ్ళి, వాన రాత్రి ఇంట్లో ఉండొద్దు, తలదాచుకోవడానికి బడికి రమ్మని చెప్పాడు. "మేకను కట్టేసి వస్తా, నువ్వు పో నాయనా" అంది. టిక్కు పెట్టి పక్కింటికి పోయాడు. అవ్వ మేకను కట్టేసింది. అంతలో వాన తెరిపిచ్చింది. పడుకుంది.

(వలంటీర్లంటే పింఛన్లు పంచినవాళ్ళు కాదు. మా వీధి కుర్రాళ్ళు, ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒక రిటైర్డ్ లైన్‌మన్.)

"చెప్పాం కదా" అనుకోవడమే మనల్ని ముంచేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడూ ఇదే చూశాను. మా పక్కింటివాళ్ళకు మాట అందింది. హంద్రీ నీళ్ళు ఎప్పుడూ వచ్చేవే కదా అని బీరువా సర్దుకుంటూ కూర్చున్నారు. చివరికి రెండు రాత్రులు మిద్దె మీద గడిపారు. మాట అందడం వేరు, మనిషి కదలడం వేరు.

అక్టోబరు, నవంబరు మనకు గండం. 2021లో రాజంపేట దగ్గర చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది నవంబరు 19న. పొద్దున్నే పులపత్తూరు, మందపల్లి ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. సీజన్ అయిపోయిందిలే అనుకునే నెల అది.

విపత్తుల్లో సాయపడే వలంటీర్లకు సర్కారు ఇచ్చే ఆపద మిత్ర శిక్షణ 12 రోజులు. మనకు దొరికేవి రెండు ఆదివారాలు. కాబట్టి తాళ్ళు, ట్యూబుల విద్యలు తర్వాత. మొదటి ఆదివారం ఇళ్ళ లెక్క రాయండి. 15 ఇళ్ళకు ఇద్దరు, ఆ వీధివాళ్ళే కావాలి. ఏ ఇంట్లో మంచం పట్టినవాళ్ళున్నారు, ఎవరికి నెలలు నిండాయి, ఎవరికి డయాలసిస్, ఏది మట్టి మిద్దె అన్నీ రాయండి. ఎవరు ఎందుకు రారో కూడా అడిగి రాయండి. ఈ ఒక్క గడి ఎవరూ పెట్టరు. మా వీధిలో అడిగితే సగం మంది ఆడవాళ్ళు చెప్పిన కారణం బడిలో బాత్‌రూమ్‌కు గడియ లేకపోవడం. గడియకు ఎంతవుతుంది? ముందే బిగించండి.

రెండో ఆదివారం రాత్రిపూట లైట్లు తీసేసి ప్రాక్టీసు. వరద రాత్రి కరెంటు ఉండదు. బుక్కులో ఇక టిక్కు వద్దు. చెప్పాక ఒక అడ్డగీత. మనిషి తాళం వేసి గడప దాటడం కళ్ళతో చూశాక దాని మీద ఇంకో గీత. బడి దగ్గర తలలు లెక్కపెట్టే మనిషి వేరే ఉండాలి. ఒంటిగీత ఉన్న ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. "వస్తా" అంటే రానట్టే లెక్క.

ఇక మిగతావి వరుసగా చెబుతున్నా, రాసుకోండి.

నీళ్ళలో దిగొద్దు. ఉరికే నీళ్ళు జానెడు ఉన్నా కాలు నిలవదు, అడుగు నీళ్ళకే చిన్న కారు తేలుతుంది.

ఈత వచ్చినవాడు అసలు దిగొద్దు. వాడి ధైర్యమే వాడికి శత్రువు.

నీళ్ళు పోతాయని మ్యాన్‌హోల్ మూతలు తీయొద్దు. తీసినవాడు ఇంటికి పోతాడు, వెనక వచ్చినవాడు అందులో పడతాడు.

తడి నేల మీద నిలబడి మెయిన్ ఆపొద్దు. లైన్‌మన్‌కు ఫోన్ చేయండి.

112, 108, 101 నంబర్లు గోడ మీద రాయండి. ఫోన్ చార్జింగ్ ముందు అదే అయిపోతుంది.

కట్ట తెగిందని వాట్సాప్‌లో వస్తే పంపొద్దు. తహసీల్దారు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి.

వీడియోలు తీయొద్దు.

వాన వెలిసిందని మట్టి మిద్దెవాళ్ళను ఇంటికి పంపొద్దు. నానిన గోడ ఎండ కాసిన రోజు కూడా కూలుతుంది.

ఒంటిగీత ఇళ్ళకు మళ్ళీ వెళ్ళారా? వెళ్ళండి.

మేకలను కూడా రానివ్వండి. బడి కాంపౌండులో కట్టేద్దాం, పొద్దున మనమే ఊడుద్దాం.

వచ్చే ఆదివారం రాత్రి 7 గంటలకు ప్రాక్టీసు. టార్చిలో సెల్లులు చూసుకుని రండి.