కేవింగ్ హార్నెస్ పట్టీ జారకుండా కట్టుకోవడం ఎలా?

బొర్రా, బెలుం చూసొచ్చినవాళ్లకి హార్నెస్‌తో పనిపడి ఉండదు. అక్కడ మెట్లున్నాయి, లైట్లున్నాయి. మేఘాలయలో తాడు పట్టుకుని నిలువునా దిగాల్సిన గుహల సంగతి వేరు. అక్కడ నడుముకీ తొడలకీ చుట్టుకున్న పట్టీలే మనిషిని మోయాలి. అవి జారగానే అందరూ హార్నెస్‌ని తిడతారు. నేను చూసినంతలో తప్పు చాలావరకు కట్టుకున్నవాళ్లదే.

కావలసినవి: కేవింగ్ సిట్ హార్నెస్ (నడుముకీ తొడలకీ వేసుకునేది), అర్ధచంద్రాకారపు మెయిలన్ (మర తిప్పి మూసే లోహపు లింకు), ఛాతీ పట్టీ. కొండలెక్కే హార్నెస్ చాలదా అని అడక్కండి. దాని మెత్తలు నీళ్లూ బురదా పీల్చుకుని బరువెక్కుతాయి.

కొత్త హార్నెస్‌ని ముందురోజు మంచినీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. కొత్త నైలాన్ పట్టీకి ఉండే నునుపు కొంత తగ్గుతుంది. సూట్ మీద తొడుక్కుని, రెండు కొసల్నీ మెయిలన్‌లోకి ఎక్కించి, మరను చేత్తో చివరిదాకా బిగించండి. ఇదంతా రెండు నిమిషాల పని.

ఇక బకిల్. ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు.

మామూలు బకిల్‌లో పట్టీ కొనని మొదటి సందులోంచి పైకి తీసి, నడిమి కమ్మీ మీదుగా రెండో సందులోకి దించుతాం. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది, మోసమంతా అందులోనే ఉంది. కొనని మళ్లీ వెనక్కి తిప్పి మొదటి సందులోకి దూర్చాలి. అప్పుడే బరువు పడేకొద్దీ పట్టీ తనని తానే నొక్కుకుంటుంది. బకిల్ అంచు చుట్టూతా కనిపిస్తూ నిండు సున్నాలా ఉంటే తప్పు కట్టినట్టు. ఒకవైపు పట్టీ కప్పేసి సున్నా విరిగినట్టు కనబడాలి. కొన్ని కొత్త బకిళ్లకి ఈ వెనక్కి తిప్పడం అక్కర్లేదు. మీది ఏ రకమో కంపెనీ ఇచ్చిన బొమ్మలో చూసుకోండి, పక్కవాణ్ని అడక్కండి.

బకిల్ దాటి బయటికొచ్చిన కొన, అదే తోక, బెత్తెడు ఉండాలి. నాలుగు వేళ్లు ఆనించి చూస్తే తెలుస్తుంది, టేపు అక్కర్లేదు. అంతకన్నా తక్కువైతే ఆ సైజు మీది కాదు.

బిగించేశాం కదా అని నేరుగా దిగకండి. నేలకి మూరెడు ఎత్తున తాడుకి వేలాడి, పదిసార్లు కూర్చుని లేవండి. మళ్లీ వేళ్లు పెట్టి కొలవండి. ఎందుకంటే పట్టీ ఒక్క గుంజుకి ఊడిరాదు. తాడెక్కేటప్పుడు ప్రతి అడుగుకీ బరువు పడుతుంది, వదులుతుంది. ఆ వదిలినప్పుడల్లా రవ్వంత జారుతుంది. తడి బురద దానికి తోడు.

ఒకసారి నా వెనకాల ఎక్కుతున్న కుర్రాడు "అన్నా, ఎడమ తొడ పట్టీ వదులైనట్టుంది" అన్నాడు. లైటు వేసి చూస్తే తోక రెండు వేళ్లే ఉంది. అంతకుముందు ఇరుకు సందులో బోర్లా పాకాం. తోక రాతికి రాసుకుని వెనక్కి తోసుకుపోయింది. "చెయ్యి పెట్టకు" అన్నాను. వేలాడుతూ బకిల్ ముట్టుకోకూడదు. నెమ్మదిగా పై అంచుకి చేర్చి, తాడు కట్టే యాంకర్‌కి తగిలించి, కాళ్ల మీద నిలబెట్టాక అప్పుడు సరిచేశాం. అందుకే ఇప్పుడు ప్రతి దిగుడు దగ్గరా, ప్రతి ఇరుకు దాటాకా బెత్తెడు కొలిపిస్తాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

తోకకి ఎలక్ట్రికల్ టేపు చుట్టేవాళ్లు ఉన్నారు. వద్దు. కింద ఏం జారుతోందో టేపు కనబడనివ్వదు. సొంతంగా కుట్లు వేయడం మరీ ఘోరం. తోకని ఎలాస్టిక్ లూపులోకి దూర్చుకోండి, అంతే. తాటిచెట్టెక్కే గీతకార్మికుడు మోకు ముడిని రోజూ చేత్తో తడిమి చూసుకుంటాడు. బురదలో నాకూ చెయ్యే నమ్మకం, కన్ను కాదు.

ఇంటికొచ్చాక సబ్బు లేకుండా కడిగి నీడలో ఆరేయండి. బకిల్ కూర్చునే చోట నూగు లేచిందేమో గోటితో గీరి చూడండి. లేచిందా, దాన్ని రెండు ముక్కలుగా కత్తిరించి పారేయండి. "పాతదేగా, నేర్చుకోడానికి ఇవ్వు అన్నా" అని అడిగేవాళ్లు వస్తారు.