ప్రొజెక్టర్ బీరువాలోంచి బయటికి రావాలంటే

నేను పర్లాకిమిడి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా. బళ్ళో ఒడియా, చాలా ఇళ్ళల్లో తెలుగు, కొండల మీంచి వచ్చే పిల్లలకి సవర. 2021 నుంచి మా రాష్ట్రంలో హైస్కూళ్ళకి స్మార్ట్ క్లాసులు వస్తున్నాయి. తెరలొచ్చాయి, ప్రొజెక్టర్లొచ్చాయి. చాలాచోట్ల అవి బీరువాలోనే ఉన్నాయి. మీ స్కూల్లోనూ అంతే అయితే, తోటి టీచర్ల చేత మొదలుపెట్టించడానికి నాకు పనికొచ్చిన దారి చెబుతాను.

ముందు భయం సంగతి చూడండి. స్టాక్ రిజిస్టర్లో ఎవరి సంతకం ఉంటే వాళ్ళే ఆ వస్తువుకి పూచీ. "పాడైతే ఎవరు కడతారు నాయనా?" అని మా సీనియర్ మేడమ్ ఒకరు నన్ను సూటిగా అడిగారు. న్యాయమైన ప్రశ్న. హెడ్మాస్టారిని బతిమాలి, స్టాఫ్ మీటింగు పుస్తకంలో ఒక వాక్యం రాయించాను: పాఠం చెబుతుండగా పరికరం చెడిపోతే ఆ ఖర్చు టీచరు మీద పడదు. అది రాసిన వారంలోనే ఇద్దరు వచ్చి బీరువా తాళం అడిగారు. ఎన్ని ట్రైనింగులు పెట్టినా రాని ధైర్యం ఆ ఒక్క వాక్యంతో వచ్చింది. మీరూ ఇక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

తర్వాత, క్లాసు జోలికి వెళ్ళకండి. ఆ టీచరుకి రోజూ విసుగు పుట్టించే పని ఏదో కనుక్కోండి. మా తెలుగు మేడమ్‌కి అది ప్రశ్నపత్రం. మా దగ్గరి డీటీపీ షాపులో ఒడియా, ఇంగ్లీషే కొడతారు. తెలుగు కావాలంటే ఆవిడ సరిహద్దు దాటి పాతపట్నం వెళ్ళాలి. అచ్చుతప్పులుంటే మళ్ళీ ఇంకోసారి వెళ్ళాలి. ఒకరోజు లంచ్ టైములో ఆవిడ ఫోన్లోనే జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) సెట్టింగ్స్ తెరిపించి, తెలుగు భాష చేర్పించి, మైకు గుర్తు నొక్కి మాట్లాడమన్నాను. ఆవిడ క్లాసులో చెప్పినట్టే గట్టిగా, "ఈ కింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి" అన్నారు. అక్షరాలు వరసగా వచ్చి పడ్డాయి. ఒక్క చోటే తేడా: "ప్రతి పదార్థం" అని విడిపోయింది. ఆవిడ పకపకా నవ్వి, "దీనికి సంధులు రావు, నేను నేర్పాలి" అంటూ మధ్య ఖాళీ తనే చెరిపేశారు. భయం పోయింది అక్కడే. యంత్రం తప్పు చేసింది, దిద్దే పని ఆవిడకి వచ్చు. ఆ సాయంత్రం పేపరంతా ఇంట్లో చెప్పేసి, కామాలూ చుక్కలూ చేత్తో పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. ఎంత ఆలస్యమైనా వాళ్ళ చేతిలోంచి ఫోన్ లాక్కోవద్దు. "ఇటివ్వండి, నేను చేసేస్తా" అంటే ఆరోజు పని అవుతుంది, మర్నాడు మళ్ళీ మీ దగ్గరికే వస్తారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని పక్కన కూర్చుంటాను.

ఇప్పుడు క్లాసు. మొదటిసారి పది నిమిషాలు చాలు, ఒక్క పాఠంలో ఒక్క ముక్క. సాయంత్రం బడి వదిలాక ఖాళీ గదిలో ఒకసారి చేసి చూసుకోమనండి. మా వైపు సిగ్నల్‌ని నమ్ముకోలేం, అందుకే ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. 2017లో వచ్చిన, బడి పాఠాలుండే ప్రభుత్వ యాప్ దీక్షలో దింపుకున్న పాఠం నెట్ లేకపోయినా నడుస్తుంది. తెలుగు పాఠాలు కావాలంటే బోర్డు దగ్గర ఆంధ్రప్రదేశ్, మాధ్యమం దగ్గర తెలుగు ఎంచుకోవాలి. మన సిలబస్‌తో ప్రతి పాఠం సరిపోదు కాబట్టి, టీచరు మొత్తం చూసి ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా వాడాలో కాగితం మీద రాసుకోవాలి. సైన్సుకైతే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ నమూనాలు (తెర మీద చేసి చూసే ప్రయోగాలు) దింపుకోండి, బ్రౌజర్లో నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. ఒకదాన్లో తెర మీదే బ్యాటరీ, తీగ, బల్బు కలిపితే బల్బు వెలుగుతుంది. తీగ ఒకచోట తెంపితే ఆరిపోతుంది. దానికి భాషతో పెద్దగా పనిలేదు. "వెలుగుతుందా, వెలగదా?" అని ముందే పిల్లల చేత చెయ్యెత్తించి, ఆ తర్వాతే తీగ కలపమని టీచరుకి చెప్పండి. కరెంటు పోతే అదే బొమ్మ బోర్డు మీద గీయడానికి సుద్దముక్క సిద్ధంగా ఉండాలి.

తెర లేని చిన్న బళ్ళ టీచర్లు, మాకేముందని అడుగుతారు. ఫోన్లో రికార్డర్ ఉంది కదా. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే టీచరుగా పనిచేశారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు. కొండ ఊరి బళ్ళో చెప్పే ఒక యువ టీచరుకి నేను ఇదే గుర్తుచేశాను. అతను ఒక పిల్లవాడి నాయనమ్మని అడిగి, చెట్ల పేర్లూ వంటసామాన్ల పేర్లూ సవరలో చెప్పించి రికార్డు చేశాడు. ఒకటో తరగతిలో ఆ గొంతు వినిపించగానే, చాపమీద చివర కూర్చునే ఆ పిల్లవాడు లేచి ఫోన్ దగ్గరికి వచ్చేశాడు. అప్పటిదాకా క్లాసులో నోరు విప్పని వాడు, ప్రతి మాటా తిరిగి చెప్పి, పక్కవాళ్ళకి తెలుగులో అర్థం చెప్పాడు.

మొదటి నెల కొత్తవేవీ చేర్చకండి. ఒక టీచరు ఒకే పనిని నాలుగైదుసార్లు చేయనివ్వండి. ప్రొజెక్టర్ తీగలు కలిపే పని తొమ్మిదో తరగతి పిల్లలిద్దరికి అప్పగించండి, వీలైతే వాళ్ళలో ఒకరు ఆడపిల్ల అయ్యేలా చూడండి. టీచరుకి ఆ టెన్షన్ తగ్గుతుంది.

ఇంకొక్క పని ఉంది. బీరువాకి రెండో తాళంచెవి చేయించి, స్టాఫ్‌రూంలో అందరికీ కనిపించేలా మేకుకి తగిలించండి. పక్కనే దారంతో కట్టి ఒక నోటుబుక్కు పెట్టండి: ఎవరు తీసుకెళ్ళారు, ఏ క్లాసుకి, ఏం పని చేయలేదు. ఆ మూడో గడి ప్రతి శనివారం చదివి, సోమవారం లోపల ఆ కేబులో రిమోట్ బ్యాటరీయో మీరే తెచ్చిపెట్టండి.