మా వీపింగ్ విల్లో ఎండిపోబోయి బతికింది (నా అనుభవం)

మాది బెంగళూరు వైట్‌ఫీల్డ్, ఇంటి ముందు జానెడు గార్డెన్. అందులో సంప్ (నేల కింద నీళ్ల ట్యాంకు) పక్కనే ఉంది కాబట్టి విల్లోని (కొమ్మలు కిందికి వేలాడే చెట్టు) నేలలో పెట్టలేదు, దాని వేర్లు నీళ్ల కోసం పైపుల జాయింట్లలోకి కూడా దూరేస్తాయి, అందుకే సగానికి కోసిన డ్రమ్ములో పెట్టా, నా ఛాతీ ఎత్తు వచ్చింది.

2024 మార్చిలో నీళ్ల కరువు గుర్తుందిగా, అప్పుడు ఆర్వో (తాగునీటి ఫిల్టర్) వదిలేసే వేస్ట్ వాటర్ పారబోయడం ఎందుకని రోజూ దీనికే పోశా. నెల తిరక్కుండా ఆకుల కొసలు కాలినట్టు గోధుమరంగు, తర్వాత పసుపు, కింద చూస్తే చాప పరిచినట్టు ఆకులు. నీళ్లు చాలట్లేదేమో అని ఇంకా పోశా, అదే నా తెలివి!

అత్తయ్య వచ్చి వేలితో మట్టి గీకి "ఇదేంటి బాబూ, ఉప్పు పేరుకుంది" అన్నారు. నిజమే, పైన తెల్లటి పొర, డ్రమ్ము అంచున కూడా. ఆర్వో వదిలేసే నీళ్లలో బోరు నీళ్ల ఉప్పంతా చిక్కబడి ఉంటుంది కదా.

పైన రెండంగుళాల మట్టి తీసేసి, కింద చిల్లులు పొడిచి క్లియర్ చేసి, మామూలు నీళ్లు నాలుగు బకెట్లు మెల్లగా పోసి కడిగేశా. పైన పశువుల ఎరువు, కొబ్బరి పీచు కప్పా. ఇక బియ్యం కడిగిన నీళ్లు, వాన పడితే వాన నీళ్లు, అంతే.

మూడు వారాలకి వేలాడే కొమ్మలకి బియ్యపుగింజంత చిగుళ్లు. విరిగిన కొమ్మొకటి సీసా నీళ్లలో పెడితే దానికీ వేర్లొచ్చాయి, అత్తయ్య పట్టుకెళ్లిపోయారు.