మేళం ట్రంపెట్‌ను హిప్‌హాప్ బీట్ మీద మెత్తగా రికార్డు చేయడం

నెల్లూరు, ఒంగోలు వైపు బ్యాండుమేళాల్లో ఆరితేరిన ట్రంపెట్‌వాళ్లకు రోడ్డు మీద, డ్రమ్ముల మోతలో వినపడేలా ఊదడం అలవాటు. జాజ్, హిప్‌హాప్ కలిసిన నెమ్మది ఆల్బమ్‌కు ఆ ఊపు పనికిరాదు. గట్టిగా ఊదించి తర్వాత ఈక్యూతో (ధ్వనిలో మంద్ర, తార భాగాలను పెంచి తగ్గించే సాధనం) తగ్గిద్దామంటే గొంతు నొక్కినట్టుంటుంది తప్ప మెత్తబడదు.

బీట్ 86 బీపీఎం, అంటే నిమిషానికి 86 దెబ్బలు. స్నేర్ (చిటపటమనే చిన్న డ్రమ్) 2, 4 దెబ్బల మీద, హైహ్యాట్‌కు (జంట తాళాలు) 56–58 శాతం స్వింగ్, అంటే జతలో రెండో దెబ్బ కాస్త ఆలస్యంగా పడటం. స్నేర్‌ను 10–15 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి, కిక్‌ను (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కదపొద్దు. రెండూ జరిగితే ఆ బద్ధకపు నడక తెలియదు.

మామూలు ట్రంపెట్ బీ ఫ్లాట్ వాయిద్యం. ట్రంపెట్ ఊదేవాడు ‘సి’ ఊదితే కీబోర్డు మీది బీ ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర, పలుకుతుంది. బీట్ సి మైనర్‌లో ఉంటే అతనికి డి మైనర్ అని చెప్పాలి.

రికార్డింగ్ పొద్దున్నే పెట్టుకోండి. ఫ్యాన్ ఎలాగూ ఆపాలి; రోహిణి కార్తె మధ్యాహ్నం స్లాబు కింద మనిషీ నిలవడు, శ్రుతీ నిలవదు. వేడికి ట్రంపెట్ శ్రుతి పైకి పోతుంది. హార్మన్ మ్యూట్ (ట్రంపెట్ మూతిలో బిగించి ధ్వనిని తగ్గించే లోహపు బిరడా) పెడితే ఇంకా పైకి. అందుకే మ్యూట్ బిగించాకే ట్యూనర్ చూసి, ట్యూనింగ్ స్లైడ్ కొద్దిగా బయటికి లాగాలి. మ్యూట్ మధ్య గొట్టం తీసేస్తేనే ఆ సన్నటి, దూరపు ధ్వని వస్తుంది. కార్కు పొడిగా ఉంటే మ్యూట్ జారి పడుతుంది. నోటి ఆవిరి పట్టించి, తిప్పుతూ బిగించండి.

మైకు మ్యూట్‌కు 10–15 సెంటీమీటర్లు. మ్యూట్ లేకపోతే 40–60, అదీ ఎదురుగా కాదు, కాస్త పక్కకు. షూర్ ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైకు చాలు. చవక కండెన్సర్ అయితే చెవులు కోస్తుంది. గోడకు బొంతలు కట్టండి. గుయ్యిమని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టించండి, తన ఊపిరి తనకు వినపడాలి.

నాలుగు బార్లలో (ఇక్కడ ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు) రెండే ఊదాలి. మేళంలో ఖాళీ వదిలితే తప్పు కాబట్టి చెయ్యెత్తి ఆపాల్సి వస్తుంది. గమకం వద్దనక్కర్లేదు, వరస చివర ఒక్కటి బాగుంటుంది.

మిక్స్‌లో 120 హెర్ట్జ్ కింద కోసేయండి. మామూలుగా వాయించే అట్టడుగు స్వరమే దాదాపు 165. మూడు కిలోహెర్ట్జ్ దగ్గర 2–3 డెసిబెల్స్ తగ్గించండి. అరదెబ్బ డిలే (ఆలస్యంగా తిరిగి వినిపించే ప్రతిధ్వని) కావాలంటే ఈ వేగానికి 349 మిల్లీసెకన్లు. అది వరస చివరి స్వరానికే ఇవ్వండి.