క్రియా విశేషణాలు – 6వ పాఠం: తెలివిగా అంటే మెచ్చుకోలేనా?

ముందుగా పోయిన పాఠం బాకీ. అభ్యాసంలో మూడో ఖాళీకి, అంటే తొందరపడకుండా చేసిన పనిని చెప్పే మాటకి, జవాబు ‘నింపాదిగా’. ‘మెల్లగా’ రాసినా తప్పు కాదు. కాకపోతే మెల్లగా అన్నది వేగం ఒక్కటే చెబుతుంది. నింపాదిగా అంటే ఆ మనిషిలో కంగారు లేదని కూడా తెలుస్తుంది. ఈసారి మాటలన్నీ ఇలాంటివే, చేసిన పనితోపాటు చేసినవాడి బుర్రనూ చూపించేవి.

ఒక సందర్భం అనుకుందాం. బావమరిది చీటీ పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే ష్యూరిటీ సంతకం కావాలి. కాగితాలు పట్టుకుని బావ దగ్గరికి వచ్చాడు. బావకి సంతకం పెట్టడం ఇష్టం లేదు.

“బావ తెలివిగా తప్పించుకున్నాడు.”

ఇది మెచ్చుకోలా, దెప్పిపొడుపా? అక్క చెబితే మెచ్చుకోలు కావచ్చు, బావమరిది చెబితే కచ్చితంగా దెప్పిపొడుపే. ‘తెలివైనవాడు’ అంటే పొగడ్త. అదే మాటకి ‘గా’ చేరి క్రియ పక్కకి వచ్చేసరికి కొంచెం జిత్తులమారి వాసన వేస్తుంది. కాబట్టి మీరు నిజంగా మెచ్చుకోవాలనుకుంటే ఆ మాట వదిలేసి, “సంతకం పెట్టకుండా మంచిపని చేశాడు” అనండి. మన నోటికి సహజంగా వచ్చేదీ అదే.

“బావ లౌక్యంగా తప్పించుకున్నాడు” అంటే వేరు. లౌక్యం లోకం నుంచి వచ్చింది. పని కాలేదు గానీ ఎవరి మనసూ నొచ్చుకోలేదు, బావమరిది కాఫీ తాగే వెళ్లాడు అని అర్థం. ‘ఆచితూచి’లో తూకం ఉంది. ఇది ఎక్కువగా మాటకీ ఖర్చుకీ అడుగు వేయడానికీ కుదురుతుంది. ఆచితూచి మాట్లాడాడు అంటాం, ఆచితూచి నిద్రపోయాడు అనం కదా.

‘జాగ్రత్తగా’ను ఈ జాబితాలో కలపకండి. దొంగ కూడా జాగ్రత్తగానే గోడ దూకుతాడు. అందులో మెలకువ ఉంది, మంచిచెడుల ఎంపిక లేదు.

ఇక ‘బుద్ధిగా’. సంస్కృతంలో బుద్ధి అంటే తెలివే. తెలుగులో మాత్రం బుద్ధిగా అంటే చెప్పిన మాట వినడం. పిల్లాణ్ణి బుద్ధిగా చదువుకోమంటాం. “బావ బుద్ధిగా సంతకం పెట్టాడు” అని రాశారో, అక్క కళ్లెర్రజేస్తే నోరు మూసుకుని పెట్టాడనే అర్థం చేసుకుంటారు.

అన్నిటికీ ‘గా’ అతకదు. తెలివిగా, నేర్పుగా, యుక్తిగా బాగున్నాయి. ‘విచక్షణగా’, ‘ముందుచూపుగా’ చెవికి ఆనవు. విచక్షణతో, ముందుచూపుతో అనాలి. ‘వివేకవంతంగా’ లాంటివి తప్పు కాదు గానీ, ప్రెస్‌నోట్‌లో తప్ప ఎవరూ అనగా నేను వినలేదు. ఇంట్లో మనం వాడేవి అసలు ‘గా’తోనూ ‘తో’తోనూ పని లేనివి: ఆలోచించి, చూసుకుని, వెనకా ముందూ చూసుకుని. “కాస్త చూసుకుని సంతకం పెట్టు బావా” అనడంలో ఉన్న బలం “వివేకంతో సంతకం చేయుము”లో ఎక్కడుంది?

ఒక్క చిక్కు మాత్రం గుర్తుపెట్టుకోండి. వ్యతిరేక క్రియ వస్తే అర్థం రెండుగా చీలుతుంది.

“బావ తెలివిగా సంతకం పెట్టలేదు.”

తెలివి చూపించి సంతకం మానేశాడా? లేక సంతకం పెట్టాడు గానీ తెలివితక్కువగా పెట్టాడా? నోటితో చెప్పినప్పుడు ఏ మాట నొక్కామో దాన్నిబట్టి తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు. మొదటి అర్థం కావాలంటే “సంతకం పెట్టకుండా తెలివిగా తప్పుకున్నాడు” అని, రెండోది కావాలంటే “తెలివితక్కువగా సంతకం పెట్టేశాడు” అని విడగొట్టి రాయండి. ఆ ‘పెట్టేశాడు’లోని ‘ఏశాడు’ కూడా సగం పని చేస్తుంది. దాని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం. కింది వాక్యాలను మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి మార్చండి.

1. రైతులు ఎరువులను విచక్షణారహితంగా వాడుతున్నారు.
2. ఆమె వివేకవంతంగా మౌనం వహించింది.
3. అతడు తెలివిగా ఆ స్థలం కొనలేదు. (రెండు అర్థాలకీ రెండు వాక్యాలు రాయాలి.)

మొదటిదానికి చిన్న సాయం: ‘ఎడాపెడా’ ప్రయత్నించి చూడండి.